ఇరినోటెకాన్ విరేచనాలు, ఒక ప్రొబయోటిక్ ప్యాకెట్టు: సరిహద్దు జిల్లా నుంచి ఒక కేసు

శ్రీకాకుళం జిల్లాను ఆనుకుని ఉన్న ఒడిశా వైపు, గజపతి జిల్లా ప్రాంతంలో నేను జనరల్ మెడిసిన్ డాక్టర్ని. మా దగ్గర కీమో డే కేర్ ఉంది కానీ క్యాన్సర్ స్పెషలిస్టు లేరు. ప్లాను విశాఖలోనో బరంపురంలోనో కటక్‌లోనో వేస్తారు. మధ్యలో వచ్చే ఇబ్బందులకు మాత్రం ముందు మా తలుపే తడతారు. రోగుల్లో సగానికి సగం తెలుగు కుటుంబాలే.

కీమోతో పాటు ప్రొబయోటిక్, అంటే మేలు చేస్తాయని నోటి ద్వారా తీసుకునే బతికున్న సూక్ష్మజీవులు, వాడొచ్చా అని అడిగేవాళ్లు ఈమధ్య బాగా పెరిగారు. ఆ ఒక్క ప్రశ్నలో రెండు ప్రశ్నలు కలిసిపోయి ఉంటాయి. కీమో వల్ల వచ్చే విరేచనాలు తగ్గుతాయా అనేది మొదటిది. ఆ బ్యాక్టీరియా క్యాన్సర్ మీదే పనిచేస్తుందా అనేది రెండోది. ఈ కేసులో రెండూ ఒకే రోజున, ఒకే మంచం పక్కన ఎదురయ్యాయి. అందుకే దీన్ని రాస్తున్నాను. మనిషిని గుర్తుపట్టే వీలు లేకుండా కొన్ని వివరాలు మార్చాను.

నేపథ్యం

యాభై దాటిన రైతు. వంశధార ఒడ్డున ఊరు, వరి పొలం, కొద్దిగా జీడితోట. ఇంట్లో తెలుగు, చదువుకున్నది ఒడియా మీడియం. షుగరు, బీపీ లేవు. పెద్దపేగు కింది భాగంలో గడ్డ వస్తే విశాఖలో ఆపరేషన్ చేసి తీశారు. పక్కనున్న లింఫ్ గ్రంథుల్లో రెండింటికి జబ్బు పాకింది కాబట్టి మూడో దశ. ఆపరేషన్ తర్వాత కీమో మందులు రెండు, కెపసిటబిన్ మాత్రలు, ఆక్సాలిప్లాటిన్ సెలైను కలిపి 3 నెలలు ఇచ్చారు. 2018లో ఐడియా అనే అంతర్జాతీయ అధ్యయనాల ఉమ్మడి విశ్లేషణ వెలువడ్డాక ఇలాంటి తక్కువ రిస్కు రోగులకు ఈ జోడీ 6 నెలలకు బదులు 3 నెలలు ఇవ్వడం మామూలైంది. ఆ 3 నెలల్లో ఆయనకు విరేచనాల బాధ దాదాపు లేదు. ఈ విషయం తర్వాత చాలా పనికొచ్చింది.

పాదాల్లో తిమ్మిరి మాత్రం మిగిలిపోయింది. చెప్పు ఊడిపోయినా తెలిసేది కాదు.

ఏడాది తిరగకముందే కాలేయంలో రెండు మచ్చలు కనిపించాయి, అంటే క్యాన్సర్ అక్కడికి పాకింది. ఆక్సాలిప్లాటిన్ మళ్లీ ఇస్తే పాదాల పని ఇంకా చెడుతుంది, పైగా అది వాడిన ఏడాదిలోపే జబ్బు తిరగబెట్టింది. అందుకే విశాఖ డాక్టర్లు ఫోల్‌ఫిరి అనే మందుల కలయికకు మార్చారు. ఒంటి వైశాల్యం చదరపు మీటరుకు 180 మిల్లీగ్రాముల ఇరినోటెకాన్ అనే కీమో మందు, 5-ఎఫ్‌యూ అనే ఇంకో కీమో మందు ఇంజెక్షను, దాని బలం పెంచే ల్యూకోవోరిన్, ఆపైన 46 గంటల పాటు మెల్లగా ఎక్కే 5-ఎఫ్‌యూ పంపు. రెండు వారాలకొకసారి. దీనికోసం ఛాతీలో చర్మం కింద పోర్టు, అంటే పెద్ద రక్తనాళంలోకి మందు ఎక్కించే ద్వారం, పెట్టారు. మొదటి రోజు మందులు విశాఖలో ఎక్కించి, పంపు తగిలించి ఇంటికి పంపేవారు. పంపు తీయడం, పోర్టు ఫ్లష్ చేయడం మా డే కేర్ పని.

వచ్చిన సమస్య

మొదటి సైకిల్ (ఒక విడత కీమో) ఎనిమిదో రోజున ఆయన్ని ఆటోలో పడుకోబెట్టి తీసుకొచ్చారు. రెండు రోజులుగా రోజుకు పది, పన్నెండు నీళ్ల మోషన్లు. రక్తం పడలేదు, జ్వరం లేదు. బీపీ 90/60. నాలుక పిడచకట్టుకుపోయింది. ఇన్ఫెక్షన్‌తో పోరాడే తెల్లకణాలు న్యూట్రోఫిల్స్ 640, పొటాషియం 2.8, రెండూ బాగా తక్కువ. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.6, కామెర్లను చూపే బిలిరుబిన్ 1.9, రెండూ ఎక్కువ.

వెంట వచ్చిన కొడుకు చేతిలో ఒక ప్రొబయోటిక్ డబ్బా ఉంది. ఆన్‌లైన్‌లో తెప్పించాడు. లాక్టోబాసిల్లస్, బైఫిడోబాక్టీరియం జాతులు కొన్ని, వాటితో పాటు శాకరోమైసిస్ బులార్డీ అనే ఈస్టు కూడా అందులో ఉన్నట్టు లేబుల్ చెబుతోంది. మంచి బ్యాక్టీరియా క్యాన్సర్ కణాల్ని చంపుతుందని ఫోన్‌లో చూశాడట. “ఇది మొదలెడదాం డాక్టర్‌గారూ. మోషన్లూ ఆగుతాయి, జబ్బు మీదా పనిచేస్తుంది. పనిచేస్తే ఈ కీమో బాధ తప్పుతుంది గదా” అన్నాడు. తండ్రిని ఆ స్థితిలో చూస్తున్న కొడుకు అలా అనడంలో వింతేమీ లేదు.

ముందు ఏం చేశాం, ఎందుకు

నాకు ప్యాకెట్టు సంగతి కంటే ముందు తేలాల్సింది, ఈ విరేచనాలు ఎందుకు వస్తున్నాయన్నది. ఇరినోటెకాన్‌తో రెండు రకాలు వస్తాయి. మందు ఎక్కుతుండగానో, ఆ రోజునో చెమటలు, కడుపులో మెలి, నోట్లో నీళ్లూరడంతో పాటు వచ్చేది మొదటి రకం. అది నరాల మీద మందు చూపే ప్రభావం, అట్రోపిన్‌తో తగ్గుతుంది. ఒక రోజు దాటాక, చాలాసార్లు అయిదారు రోజులకు మొదలయ్యేది రెండో రకం. ప్రాణం మీదికి తెచ్చేది ఇదే, ఈయనకు వచ్చిందీ ఇదే.

ఇరినోటెకాన్ ఒంట్లోకి వెళ్లాక ఎస్‌ఎన్-38 అనే పదార్థంగా మారుతుంది. క్యాన్సర్ కణాన్ని దెబ్బకొట్టేది అదే. కాలేయంలో యూజీటీ1ఏ1 అనే ఎంజైము దానికి గ్లూకురోనిక్ ఆమ్లాన్ని తగిలించి, పదును పోగొట్టి, పైత్యరసంతో పేగులోకి పంపుతుంది. డబ్బాకు మూతపెట్టి పంపినట్టన్నమాట. పేగులో ఉండే కొన్ని బ్యాక్టీరియాల దగ్గర బీటా గ్లూకురోనిడేజ్ అనే ఎంజైము ఉంటుంది, అది ఆ మూత ఊడదీస్తుంది. ఎస్‌ఎన్-38 మళ్లీ బయటపడి పేగు లోపలి పొరను తినేస్తుంది. ఆ బ్యాక్టీరియా ఎంజైముకు అడ్డుపడే మందు ఇస్తే ఎలుకల్లో పేగు దెబ్బతినడం తగ్గిందని 2010లో సైన్స్ పత్రికలో వచ్చింది. అంటే పేగు బ్యాక్టీరియాకూ ఈ విరేచనాలకూ సంబంధం ఉన్న మాట నిజమే. అబ్బాయి చూసిన వీడియోలో గాలి మాటలు చాలా ఉన్నా, మూలంలో ఇలాంటి నిజం ఒకటి ఉంది. అందుకే అతన్ని కసురుకోలేదు.

అయినా ఆ రోజు ప్యాకెట్టు వద్దన్నాను. న్యూట్రోఫిల్స్ 640కి పడిపోయాయి, పేగు పొర పుండుగా ఉంది, ఛాతీలో పోర్టు ఉంది. బతికున్న సూక్ష్మజీవిని నోటి ద్వారా ఇస్తే అది పేగు గోడ దాటి రక్తంలోకి వెళ్లడానికి ఇంతకంటే అనువైన పరిస్థితి ఉండదు. లాక్టోబాసిల్లస్ రక్తంలో చేరిన సంఘటనలు అరుదే కానీ వైద్య సాహిత్యంలో నమోదయ్యాయి. ఈస్టు సంగతి ఇంకా తీవ్రం. సెంట్రల్ లైను (పోర్టులాగే పెద్ద రక్తనాళంలోకి వేసే గొట్టం) ఉన్నవాళ్ల పక్కన శాకరోమైసిస్ ప్యాకెట్టు చింపితే, గాల్లోకి లేచిన పొడో, చేతికి అంటిన పొడో లైను ద్వారా రక్తంలోకి చేరిన కేసులున్నాయి. రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లకు, ప్రాణాపాయ స్థితిలో ఉన్నవాళ్లకు దీన్ని ఇవ్వకూడదని యూరప్ ఔషధ నియంత్రణ సంస్థ 2017లో హెచ్చరించింది. సెంట్రల్ లైను ఉంటే ఇవ్వకూడదన్న నియమం అంతకు ముందే ఉంది. మా నర్సులకు కూడా అప్పుడే చెప్పాను: కీమో గదిలో ఎవరి బంధువూ ఈ పొడి ప్యాకెట్లు విప్పకూడదు, పోర్టు ముట్టుకునే చేయి వీటిని ముట్టుకోకూడదు.

కడుపు నొక్కి చూస్తే కుడివైపు కింద ప్రత్యేకంగా నొప్పి లేదు. న్యూట్రోఫిల్స్ పడిపోయినవాళ్లకు వచ్చే పేగు వాపు కాదని అల్ట్రాసౌండ్‌తో తేల్చుకున్నాకే పేగు కదలికను తగ్గించే లోపెరమైడ్ మొదలుపెట్టాం. ఆ వాపులోగానీ, ఇన్ఫెక్షన్‌లోగానీ పేగు కదలికను ఆపడం ప్రమాదం. మలం పరీక్షలో అమీబా, జియార్డియా లాంటి పరాన్నజీవులేవీ కనబడలేదు. సెలైన్లు, పొటాషియం, ముందు 4 మిల్లీగ్రాముల లోపెరమైడ్, తర్వాత రెండు గంటలకొకసారి 2 మిల్లీగ్రాములు. ఇరినోటెకాన్ విరేచనాలకు మామూలు విరేచనాల మోతాదు చాలదు. న్యూట్రోఫిల్స్ తక్కువగా ఉండగా ఇంత తీవ్రంగా పోతుంటే జ్వరం వచ్చేదాకా ఆగడం మంచిది కాదని ఫ్లోరోక్వినోలోన్ రకం యాంటీబయోటిక్ కూడా ఇచ్చాం. ఒకటిన్నర రోజు గడిచినా తగ్గుదల సరిపోలేదు. విరేచనాలు ఆపే ఇంజెక్షను ఆక్ట్రియోటైడ్ మా స్టోర్‌లో లేకపోతే శ్రీకాకుళం నుంచి తెప్పించి చర్మం కింద ఇచ్చాం. నాలుగో రోజుకు మోషన్లు రెండుకొచ్చాయి, రక్తకణాల కౌంట్లు లేచాయి.

కొడుకు రెండో ప్రశ్న

తండ్రి తేరుకున్నాక అబ్బాయిని కూర్చోబెట్టి మాట్లాడాను. ‘పనిచేయదు’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తే బయటికెళ్లి ఇంకెవరినో అడుగుతాడు. అందుకే ఎక్కడి నిజాన్ని అక్కడే ఉంచి చెప్పాను.

2013లో సైన్స్ పత్రిక ఒకే సంచికలో రెండు పరిశోధనలు వేసింది. యాంటీబయోటిక్స్‌తో పేగు బ్యాక్టీరియాను తుడిచేసిన ఎలుకల్లో కీమో మందులు, ఒక పరిశోధనలో సైక్లోఫాస్ఫమైడ్, ఇంకొక దాంట్లో ఆక్సాలిప్లాటిన్, సరిగ్గా పనిచేయలేదు. వీడియోల్లో తిరిగే కథలకు వేరు ఇక్కడుంది. వాటిని బట్టి చెప్పగలిగింది, కీమో పనితనంలో పేగు బ్యాక్టీరియాకు పాత్ర ఉండొచ్చని మాత్రమే. దుకాణంలో కొన్న క్యాప్సూలు మనిషి క్యాన్సర్‌ను తగ్గిస్తుందని అక్కడ ఎవరూ చెప్పలేదు. 2022లో కిడ్నీ క్యాన్సర్ రోగులకు ఇమ్యూనోథెరపీతో (ఒంట్లోని రక్షణ శక్తిని క్యాన్సర్ మీదికి తిప్పే వైద్యం) పాటు క్లోస్ట్రిడియం బ్యుటిరికమ్ రకం ఒకటి ఇచ్చి చూస్తే జబ్బు ముదరడం ఆలస్యమైంది. అది 30 మంది మీద చేసిన చిన్న అధ్యయనం, జబ్బు వేరు, మందు వేరు. దానికి ముందే, 2021లో, మెలనోమా (ఒక రకం చర్మ క్యాన్సర్) రోగుల్లో మరో విషయం బయటపడింది. ఇమ్యూనోథెరపీ తీసుకుంటూ పీచు బాగా తిన్నవాళ్లు మెరుగ్గా ఉన్నారు. దుకాణాల్లో దొరికే ప్రొబయోటిక్స్ వాడినవాళ్లకు అదనపు లాభం కనబడలేదు. అదే పరిశోధనలో ప్రొబయోటిక్ పెట్టిన ఎలుకల్లో చికిత్స ఫలితం తగ్గింది కూడా.

బ్యాక్టీరియాతో క్యాన్సర్ వైద్యమే లేదా అంటే, ఉంది. మూత్రాశయ క్యాన్సర్‌కు బీసీజీని, క్షయ టీకాలో వాడే బ్యాక్టీరియాను, మూత్రాశయంలోకే ఎక్కిస్తారు, 1976 నుంచి అది వైద్యంలో ఉంది. అక్కడ ఆ బ్యాక్టీరియా పని ఒంట్లోని రక్షణ కణాల్ని రెచ్చగొట్టడం. పెరుగు బ్యాక్టీరియాకు ఆ పని అప్పగించలేం. ఇంత చెప్పాక అబ్బాయి, “అయితే జబ్బుకి కాదు. మోషన్లకైనా పనికొస్తుందా?” అని అడిగాడు. అక్కడికి రావడమే నాకు కావలసింది. కీమో ఆపే మాట ఆ రోజుతో పోయింది.

మోషన్ల విషయంలో ఆధారం కొంత మెరుగు. ఫిన్లాండ్‌లో 150 మంది పెద్దపేగు క్యాన్సర్ రోగుల మీద చేసిన అధ్యయనం 2007లో వచ్చింది. 5-ఎఫ్‌యూ కీమోతో పాటు లాక్టోబాసిల్లస్ రామ్నోసస్ జీజీ తీసుకున్నవాళ్లలో తీవ్రమైన విరేచనాలు 22 శాతం, తీసుకోనివాళ్లలో 37 శాతం. కానీ అది ఇరినోటెకాన్ కాదు. ఇరినోటెకాన్ మీద స్లొవేకియాలో 46 మందితో చేసిన చిన్న అధ్యయనంలో ప్రొబయోటిక్ తీసుకున్న ఎవరికీ తీవ్రమైన విరేచనాలు రాలేదు. అక్కడే తర్వాత ఎక్కువమందితో చేసి చూస్తే ఆ తేడా నిలబడలేదు. కాబట్టి ఆశ కొద్దిగా ఉంది, హామీ లేదు. ఖర్చు భరించగలిగి, కౌంట్లు బాగున్నప్పుడు, పేరూ రకమూ తెలిసిన ఒకే బ్యాక్టీరియా ఇస్తే నష్టం తక్కువ. నేను ఒప్పుకున్నది ఆ మేరకే. విశాఖ డాక్టరుతో ఫోన్లో మాట్లాడి, ఆయన సరేనన్నాకే చీటీ రాశాను.

ఈస్టు ఉన్న డబ్బాను పక్కన పెట్టించి జీజీ రకం క్యాప్సూల్స్ రాశాను. న్యూట్రోఫిల్స్ 1000 కంటే తగ్గినా, జ్వరం వచ్చినా ఆ రోజే ఆపేయాలి. యాంటీబయోటిక్ వాడుతుంటే రెండింటికీ మధ్య కొన్ని గంటల ఎడం ఉండాలి. వాళ్లది రేకుల ఇల్లు, ఎండాకాలం. లేబుల్ మీద అంకె ఎంత పెద్దదైనా, వేడికి చచ్చిన బ్యాక్టీరియాను మింగించి లాభం లేదు. ఫ్రిజ్ ఉన్న పక్కింటివాళ్ల దగ్గర దాయించారు.

ఆయన భార్య ఒక మంచి ప్రశ్న అడిగింది. “మరి తరవాణి కూడా అలాంటిదే గదా బాబూ? ఈయన రోజూ పొద్దున్న అదే తాగేవోరు.” అలాంటిదే, కానీ అదే కాదు. పులిసిన గంజిలో లాక్టోబాసిల్లస్ జాతులు ఉంటాయి. ఒడియా వాళ్ల పొఖాళ (నీళ్లలో పులియబెట్టిన అన్నం) లోనూ ఉంటాయి. కానీ ఏ కుండలో ఏవి పెరిగాయో, ఏ నీళ్లు పోశారో, వాటితో పాటు ఇంకేం పెరిగాయో ఎవరూ చూడలేదు. ఆరోగ్యంగా ఉన్న కడుపు ఆ తేడాల్ని తట్టుకుంటుంది. కీమో తర్వాత రెండో వారంలో కడుపుకు ఆ శక్తి ఉండదు. కాచిన పాలతో ఇంట్లో తోడుపెట్టిన తాజా పెరుగును మజ్జిగ చేసి ఇవ్వమన్నాను, కౌంట్లు పడిపోయిన రోజుల్లో అదీ వద్దన్నాను. ఈ మజ్జిగ విషయంలో అన్ని ఆసుపత్రులదీ ఒకే మాట కాదు. కొందరు పూర్తిగా ఆపేస్తారు.

పనిచేయనిది

రెండో సైకిల్ వారం ఆలస్యంగా మొదలైంది. ఇరినోటెకాన్‌ను 150కి తగ్గించారు, 5-ఎఫ్‌యూ ఇంజెక్షను తీసేశారు, పంపు మాత్రం ఉంచారు. జీజీ క్యాప్సూల్స్ ముందు రోజు నుంచే పడుతున్నాయి. అందరం నమ్మకంగానే ఉన్నాం.

ఏడో రోజుకు మళ్లీ మోషన్లు, మామూలు కంటే ఆరు ఎక్కువ. అడ్మిట్ చేయాల్సినంత కాదు, మనిషి మాత్రం నీరసించిపోయాడు. న్యూట్రోఫిల్స్ 1300.

మందు తగ్గించాం, బ్యాక్టీరియా కలిపాం, అయినా వచ్చాయి. ఇక్కడ సులువైన దారులు రెండున్నాయి. ప్రొబయోటిక్ డోసు పెంచడం ఒకటి, ఇరినోటెకాన్ ఈయనకు పడదని మానేయడం ఇంకొకటి. కొడుకు మొదటిది అడిగాడు, పెద్దాయన రెండోది అడిగాడు. ఇరినోటెకాన్ మానేస్తే ఆయనకు మిగిలే మందులు తక్కువ, కాలేయం మచ్చలు ఆపరేషన్‌కు వీలయ్యేలా చిన్నవయ్యే అవకాశమూ పోతుంది. అందుకే రెండూ వద్దని, ఇంట్లో ఏం జరిగిందో గంట గంటకూ చెప్పించుకున్నాం.

రెండు విషయాలు బయటపడ్డాయి. లోపెరమైడ్ మాత్రలు ఇంట్లో ఉన్నా, నాలుగో మోషన్ దాటాక గానీ వేయలేదు. మోషన్ ఆపేస్తే కీమో విషం లోపలే ఉండిపోతుందని ఇంట్లో పెద్దావిడ ఎవరో అన్నారట. రెండోది పాలు. బలం రావాలని రోజుకు నాలుగు గ్లాసులు, అందులో ఒక పొడి కలిపి. పేగు పొర దెబ్బతిన్నప్పుడు పాలల్లోని లాక్టోజ్‌ను అరిగించే ఎంజైము తగ్గిపోతుంది. ఆ కడుపులో నాలుగు గ్లాసుల పాలు పోస్తే, బ్యాక్టీరియా ఎన్ని కోట్లు మింగినా ఆగేది కాదు.

ఇవి రెండూ కొంత వివరించాయి కానీ, ఆరు మోషన్లకు ఇవి చాలవనిపించింది. పాత కాగితాలన్నీ తెమ్మన్నాను.

అసలు కారణం

మొదటి అడ్మిషన్లో బిలిరుబిన్ 1.9. కాలేయంలో మచ్చలున్న మనిషికి ఆ అంకె కనిపిస్తే అందరి చూపూ మచ్చల మీదికే పోతుంది. కానీ మిగతా కాలేయం పరీక్షలు దాదాపు మామూలుగా ఉన్నాయి, పెరిగినదాంట్లో ఎక్కువ భాగం ఇండైరెక్ట్ రకం, అంటే కాలేయం ఇంకా మార్చని బిలిరుబిన్. మచ్చలు పైత్యనాళాన్ని అడ్డుకుంటే డైరెక్ట్ రకం పెరగాలి. పాత కాగితాల్లో పెద్దపేగు ఆపరేషన్‌కు ముందు చేసిన పరీక్ష దొరికింది. అప్పటికి కాలేయంలో మచ్చలు లేవు, అయినా బిలిరుబిన్ 1.6. కొడుకును అడిగితే వాళ్ల నాన్నకు ఉపవాసాలున్నప్పుడల్లా కళ్లు పచ్చబడేవని, కామెర్లని రెండు మూడుసార్లు పసరు కూడా తాగించారని చెప్పాడు.

ఉపవాసంతో పెరిగి, తిండి తింటే తగ్గే ఇండైరెక్ట్ బిలిరుబిన్ అంటే ఎక్కువగా గిల్బర్ట్ సిండ్రోమ్. మామూలు జీవితంలో దానివల్ల ఏ ప్రమాదమూ లేదు, పసరు అవసరం అంతకంటే లేదు. కానీ బిలిరుబిన్‌ను బయటికి పంపే ఎంజైమూ, ఎస్‌ఎన్-38కి మూతపెట్టే ఎంజైమూ ఒకటే, యూజీటీ1ఏ1. పుట్టుకతోనే అది మందంగా పనిచేసే మనిషికి మామూలు మోతాదు ఇరినోటెకాన్ ఇస్తే ఎస్‌ఎన్-38 ఒంట్లో ఎక్కువసేపు తిరుగుతుంది. న్యూట్రోఫిల్స్ పడిపోతాయి, పేగు దెబ్బతింటుంది. మొదటి సైకిల్లో రెండూ కలిసి రావడం దీనికి సరిపోయింది.

5-ఎఫ్‌యూ కూడా విరేచనాలు తెస్తుంది కదా, తప్పు దానిది కాదని ఎలా అనుకోవాలి? ఒంట్లో దాదాపు 5-ఎఫ్‌యూగానే మారే కెపసిటబిన్‌ను ఆయన 3 నెలలు ఇబ్బంది లేకుండా మింగాడు. 5-ఎఫ్‌యూను విరగ్గొట్టే డీపీడీ ఎంజైము లోపం ఉండి ఉంటే అప్పుడే బయటపడేది. కొత్తగా చేరింది ఇరినోటెకాన్ ఒక్కటే.

రక్తం జన్యు పరీక్షకు పంపించాం. ఆ ఎంజైమును మందగింపజేసే జన్యు రూపం, యూజీటీ1ఏ1 *28, తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ వచ్చిన రెండు కాపీలూ అవే. ఇలాంటివాళ్లకు ఇరినోటెకాన్ మొదటి నుంచే తగ్గించి ఇవ్వాలని మందు లేబుల్ మీదే ఉంటుంది. పరీక్ష అందరికీ చేయించాలా అన్న చర్చ ఇంకా నడుస్తోంది. ప్రతి రోగికీ మా జిల్లాలో అది కుదరదు. బిలిరుబిన్ రిపోర్టులో డైరెక్ట్, ఇండైరెక్ట్ అంకెల్ని విడిగా చూడడానికి మాత్రం ఖర్చేమీ లేదు.

పనిచేసింది

మూడో సైకిల్ నుంచి ఇరినోటెకాన్ 120. పాలు పూర్తిగా ఆపి, గంజి, మెత్తటి అన్నం, పలచటి చోడంబలి, అరటిపండు. మొదటి పలచటి మోషన్‌కే 4 మిల్లీగ్రాముల లోపెరమైడ్, ఆపైన పగలు రెండు గంటలకు 2, రాత్రి నాలుగు గంటలకు 4, మోషన్ లేకుండా 12 గంటలు గడిచేదాకా. 24 గంటల్లో తగ్గకపోతే ఫోన్, జ్వరం వస్తే ఏ వేళైనా ఆసుపత్రి. విషం లోపల ఉండిపోతుందన్న భయానికి జవాబు కొడుకుతో కాక, ఆ పెద్దావిడనే పిలిపించి చెప్పాను. మందు రక్తంలో తన పని చేసేసింది, ఇప్పుడు పోతున్నది ఒంట్లో ఉండాల్సిన నీరూ ఉప్పూ అని. ఆ ఇంట్లో మాత్ర వేయాలా వద్దా అన్నది తేల్చేది ఆవిడే. జీజీ క్యాప్సూల్స్ కొనసాగాయి.

ఆ సైకిల్లో రెండు రోజులు రెండేసి మోషన్లు ఎక్కువ, అంతే. నాలుగోదీ అలాగే గడిచింది.

ఊళ్లో మాత్రం పేరు క్యాప్సూల్‌కి వచ్చింది. ‘ఏదో పెరుగు మాత్రట, క్యాన్సర్ విరేచనాలు కట్టేసిందట’ అని పక్క ఊళ్ల నుంచి అడగడానికి వచ్చినవాళ్లున్నారు. మూడు నాలుగు మార్పులు ఒకేసారి చేశాం కాబట్టి ఏది ఎంత పనిచేసిందో ఈ ఒక్క మనిషిని చూసి విడదీయడం కష్టం. అయితే అయిదో సైకిల్ కొంత విడదీసింది. స్టాకిస్టు దగ్గర జీజీ క్యాప్సూల్స్ అయిపోయాయి. దొరికిన ఇంకో రకం వేసేద్దామని కొడుకు అన్నాడు, రకం మారితే ఆధారం కూడా మారిపోతుందని నేను వద్దన్నాను. ప్రొబయోటిక్ లేకుండానే ఆ సైకిల్ నడిచింది. మోషన్ల లెక్క మూడు, నాలుగు సైకిళ్ల లాగే ఉంది. నా అంచనాలో ఎక్కువ వాటా 120 డోసుది, తర్వాత వేళకు వేసిన లోపెరమైడ్‌ది, ఆపైన పాలు మానడానిది. ప్రొబయోటిక్‌కి చోటు ఉంటే వీటన్నిటి తర్వాతే.

క్యాప్సూల్స్ మళ్లీ దొరికాయి. అప్పుడేం చేయాలన్నది చిన్న నిర్ణయమే అయినా ఆలోచించాల్సి వచ్చింది. నెలకు వెయ్యి పైన ఖర్చు, లాభం కనబడలేదు. మరోవైపు, తండ్రి కోసం ఏదో చేస్తున్నానన్న ధైర్యం అబ్బాయికి దాంతో ఉంది. ఆరో సైకిల్లో న్యూట్రోఫిల్స్ 900కు వచ్చాయి. ముందే రాసుకున్న నియమం ప్రకారం ఆపేశాం, తిరిగి మొదలుపెట్టలేదు. నియమం ముందే కాగితం మీద ఉండడంతో వాదన అవసరం రాలేదు. ఆ డబ్బుతో గుడ్లు, పప్పు పెట్టమన్నాను.

ఇదంతా చూసి ప్రొబయోటిక్ ఎవరికీ రాయనని కాదు. 5-ఎఫ్‌యూ లేదా కెపసిటబిన్ మీద ఉండి, కౌంట్లు నిలకడగా ఉండి, పోర్టు లేని రోగికి, కింది కడుపుకు రేడియేషన్ తీసుకునే కొందరికి ఇప్పటికీ రాస్తున్నాను. రాసే ముందు బిలిరుబిన్ రెండు ముక్కలుగా చూస్తాను, పాలు ఎన్ని గ్లాసులని అడుగుతాను, లోపెరమైడ్ ఇంట్లో ఉందా, ఎప్పుడు వేయాలో మాత్రల డబ్బా బాధ్యత తీసుకున్న మనిషికి తెలుసా అని అడుగుతాను. చీటీ మీద బ్రాండు పేరుతో పాటు బ్యాక్టీరియా రకం కూడా పూర్తిగా రాస్తాను. లేకపోతే మందుల షాపులో ఉన్నదేదో ఇచ్చేస్తారు, అందులో ఈస్టు ఉందో లేదో ఎవరూ చూడరు.

ఆరు సైకిళ్ల తర్వాత స్కాన్‌లో రెండు మచ్చలూ బాగా చిన్నవయ్యాయి. డోసు తగ్గించాం కాబట్టి పనితనం తగ్గుతుందేమోనని కుటుంబానికి టెన్షన్ ఉండేది. ఆయన ఒంట్లో ఎస్‌ఎన్-38 నిలిచే తీరును బట్టి 120 అంటే ఆయనకు తక్కువ మోతాదు కాదు. విశాఖలో కాలేయం ఆపరేషన్ చేసి మచ్చలు తీశారు. ఆపరేషన్ తర్వాత యాంటీబయోటిక్స్ పడ్డాయి, కొడుకు మళ్లీ క్యాప్సూల్స్ సంగతి ఎత్తాడు. యాంటీబయోటిక్స్ తర్వాత ప్రొబయోటిక్ తీసుకున్న ఆరోగ్యవంతుల్లో సొంత పేగు బ్యాక్టీరియా తిరిగి పెరగడం ఇంకా ఆలస్యమైందని 2018లో సెల్ పత్రికలో వచ్చింది. అది చెప్పి వద్దన్నాను. ఆకుకూరలు, పప్పులు మెల్లగా పెంచమన్నాను.

ఇప్పుడు మూడు నెలలకొకసారి చెకప్. రేపు జబ్బు తిరగబెడితే ఆయన బరంపురం వెళ్తాడో, కటక్ వెళ్తాడో, మళ్లీ విశాఖకే వెళ్తాడో తెలియదు. అందుకని ఆయన జేబులో ఉండే కార్డు మీద తెలుగులో, ఒడియాలో, ఇంగ్లిష్‌లో ఎర్ర సిరాతో రాసిచ్చాను: యూజీటీ1ఏ1 *28 రెండు కాపీలు, ఇరినోటెకాన్ 120 మించకూడదు.